పది సెంటీమీటర్ల చట్టం

ఏ యూనివర్సిటీ గేటు దగ్గరైనా ఒక బోర్డు కనిపిస్తుంది. వేగం గంటకు 20 కిలోమీటర్లు మించరాదు, హారన్ కొట్టరాదు, వాహనాలు కేటాయించిన చోటే నిలపాలి. ఆ పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో సెక్యూరిటీ గార్డు ఉంటాడు. హాస్టల్ కుర్రాడి బైకునైతే ఈల వేసి ఆపగలడు. డీన్ గారి కారు ఆపడం అతని వల్ల కాదు. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఫోనొస్తే నో పార్కింగ్ బోర్డు కిందే నాలుగు కార్లు నిలబడతాయి. క్యాంపస్ ట్రాఫిక్ రూల్స్‌లో కాగితం మీద ఉన్నవన్నీ ఇలా మనిషిని బట్టి వంగేవే. గేటు దాటాక రోడ్డుకి అడ్డంగా పడుకుని ఉండే స్పీడ్ బ్రేకర్ మాత్రం ఎవరి హోదా అడగదు. దాన్ని తిట్టుకోకుండా దాటినవాళ్లు తక్కువ. దానిలో ఉన్న పనితనాన్ని కాసేపు దగ్గరగా చూసి మెచ్చుకుందామనే ఈ ప్రయత్నం.

సరిగ్గా కట్టిన స్పీడ్ బ్రేకర్ గురించే మాట్లాడుతున్నానని ముందే చెప్పాలి. కాలనీలో ఎవరి ఇంటి ముందు వాళ్లు మిగిలిన సిమెంటు పోసి పెట్టుకునే దిమ్మలు వేరే జాతి. వాటి సంగతి మధ్యలో వస్తుంది.

ఈ వస్తువుకి క్యాంపస్‌తో ఉన్న చుట్టరికం పాతది. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ యూనివర్సిటీకి 1953లో చాన్సలర్‌గా ఉన్నాయన ఆర్థర్ హోలీ కాంప్టన్. భౌతికశాస్త్రం చదివిన ప్రతివాళ్లకీ కాంప్టన్ ఎఫెక్ట్ పేరు గుర్తుంటుంది. ఎక్స్ కిరణం ఎలక్ట్రాన్‌ని ఢీకొన్నప్పుడు కొంత శక్తి పోగొట్టుకుంటుందని ఆయన చూపించింది ఇదే యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా ఉన్న రోజుల్లో. దానికే 1927లో నోబెల్ వచ్చింది. అంతకు ముందు ఏడాది ఆయన లాహోర్‌లో పంజాబ్ యూనివర్సిటీలో పని చేస్తూ గడిపాడు. మన రామన్‌కి రామన్ ఎఫెక్ట్ వైపు దారి చూపిన ఆలోచనల్లో కాంప్టన్ పని కూడా ఒకటి. యుద్ధకాలంలో షికాగోలో తొలి అణు గొలుసు చర్య జరిగిన ప్రయోగశాలకు అధిపతీ ఈయనే. అలాంటి మనిషి చాన్సలర్ కుర్చీలో కూర్చున్నాక ఆయన కంట పడింది బ్రూకింగ్స్ హాల్ ముందు నుంచి దూసుకుపోతున్న కార్లు. రెండు బురుజులతో కోటలా ఉండే ఆ భవనం 1904 ప్రపంచ ప్రదర్శనకి పాలనా కార్యాలయంగా పనిచేసింది. దాని ముందు విద్యార్థులు నడుస్తుంటారు. చాన్సలర్ సర్క్యులర్ జారీ చేసి ఊరుకోవచ్చు. ఈయన గుబ్బ ఎలా ఉండాలో లెక్క వేయడం మొదలుపెట్టాడు. తను పెట్టిన పేరు ‘ట్రాఫిక్ కంట్రోల్ బంప్’. జనం ఆయన మధ్యపేరుతో ‘హోలీ హంప్’ అన్నారు.

ఇంకో క్యాంపస్‌లో నోబెల్ గ్రహీతలకు వేరే మర్యాద ఉంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీలో నోబెల్ వచ్చిన ప్రొఫెసర్లకి ‘ఎన్.ఎల్.’ అని బోర్డు పెట్టిన పార్కింగ్ స్థలాలు కేటాయిస్తారు. ఆ యూనివర్సిటీకి అధ్యక్షుడిగా పనిచేసిన క్లార్క్ కెర్, ప్రొఫెసర్లందరినీ ఒక్కతాటి మీద నిలిపేది పార్కింగ్ మీద ఉన్న ఉమ్మడి అసంతృప్తేనన్న అర్థం వచ్చేలా చమత్కరించాడు కూడా. నోబెల్ వచ్చినందుకు కారు పెట్టుకునే చోటు సంపాదించినవాళ్లున్నారు కానీ, నోబెల్ వచ్చాక కూడా కారు వేగం గురించి లెక్కలు వేస్తూ కూర్చున్నవాడు నాకు తెలిసి కాంప్టన్ ఒక్కడే.

బండిని నెమ్మదింపజేయడం మాత్రమే పని అయితే తెలివితేటలతో అవసరం లేదు. రోడ్డుకి అడ్డంగా ఒక కాలవ తవ్వితే చాలు. న్యూజెర్సీలోని చాతమ్ అనే ఊళ్లో 1906లోనే, కార్లు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, మనుషులు రోడ్డు దాటే చోటుని అయిదు అంగుళాలు ఎత్తు చేయాలని నిర్ణయించారు. కష్టం ఎక్కడుందంటే, మెల్లగా వెళ్లేవాడికి ఏమీ కాకూడదు, వేగంగా వెళ్లేవాడికి మాత్రమే ఇబ్బంది కలగాలి. ఆ ఇబ్బంది కూడా వేగాన్నిబట్టి పెరగాలి. ప్రాణం మీదికి రాకూడదు, బండి విరగకూడదు, కానీ మర్చిపోయేలా కూడా ఉండకూడదు. పోలీసు, కెమెరా, కరెంటు ఏమీ లేకుండా ఒక తారు ముద్ద ఇన్ని షరతులకి లోబడి పనిచేయాలి.

చిన్న గుబ్బ ఈ పరీక్షలో ఓడిపోతుంది. కాలనీ దిమ్మ సంగతి చూడండి. అడ్డంగా ముప్ఫై సెంటీమీటర్ల వెడల్పు, పది పన్నెండు సెంటీమీటర్ల ఎత్తు. దాని మీదికి స్కూటరు నడక వేగంతో వస్తే ముందు చక్రం ఎక్కి ‘ధబ్’మని దిగుతుంది, తర్వాత వెనక చక్రం. వెనక కూర్చున్నామె నడుం పట్టుకుంటుంది. సంచిలో టమాటాలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. అదే దిమ్మ మీదికి పెద్ద టైర్ల కారు గంటకి 40 కిలోమీటర్లతో వస్తే, చక్రం ఆ దిమ్మ మీద ఉండేది సెకనులో నలభయ్యో వంతు కన్నా కాస్త ఎక్కువ. అంతలో కారు శరీరం కదలడానికి వ్యవధి చాలదు. టైరు కొంత నొక్కుకుంటుంది, స్ప్రింగు కొంత మింగుతుంది, చక్రం ఒక్కటే ఎగిరి దిగుతుంది. సీటులో ఉన్నవాడికి చిన్న అదురు, అంతే. అంటే ఆ దిమ్మ మెల్లగా వచ్చినవాడికి శిక్ష వేసి, దూసుకొచ్చినవాడిని వదిలేస్తోంది. మన ఊళ్లలో కుర్రాళ్లు కొన్ని స్పీడ్ బ్రేకర్ల మీదికి కావాలనే వేగం పెంచుకుని వెళ్లడం వెనక ఉన్నది ఈ లెక్కే. వాళ్లు దాన్ని పుస్తకంలో చదవలేదు, నడుంతో నేర్చుకున్నారు.

దీన్ని పట్టుకుని కొలతల్లోకి దింపినవాడు జి.ఆర్. వాట్స్. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ రవాణా, రహదారుల పరిశోధనశాలలో రకరకాల పొడవులు, ఎత్తులు ఉన్న గుబ్బలు కట్టి, వాటి మీద రకరకాల బళ్లు రకరకాల వేగాలతో నడిపి చూసిన నివేదిక 1973లో వచ్చింది. అందులో నెగ్గిన ఆకారం బండి వెళ్లే దిశలో 12 అడుగుల పొడవు, నడిమధ్య 4 అంగుళాల ఎత్తు ఉన్న వృత్తఖండం. వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. దాని అందమంతా ఆ పన్నెండు అడుగుల్లో ఉంది. చిన్న కారుకి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం సుమారు రెండున్నర మీటర్లు. పన్నెండు అడుగులంటే 3.66 మీటర్లు. అంటే ఒక క్షణంలో కారు నాలుగు చక్రాలూ గుబ్బ మీదే ఉంటాయి. చక్రం ఒక్కటే ఎగిరి తప్పించుకునే దారి లేదు. మొత్తం కారే, లోపలున్నవాళ్లతో సహా, ఆ వంపు మీద ఎక్కి దిగాలి. గంటకి 25 కిలోమీటర్లతో దాటడానికి అర సెకను పైన పడుతుంది. కారు శరీరం స్ప్రింగుల మీద తనంతట తాను ఊగే లయ సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు. ముప్ఫై సెంటీమీటర్ల దిమ్మ ఆ లయకి అందనంత చురుకైనది. పన్నెండు అడుగుల వంపు దాదాపు అదే లయలో వచ్చి శరీరాన్ని ఊపుతుంది. వేగం పెరిగినకొద్దీ ఊపు పెరుగుతుంది.

ఇక్కడ కాగితం, పెన్సిల్ తీసుకుంటే ఇంకా రుచిగా ఉంటుంది. మన దేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో తెచ్చిన ఐ.ఆర్.సి. 99 మార్గదర్శకాలు ఇదే ఆకారాన్ని మీటర్లలోకి మార్చి తీసుకున్నాయి. పొడవు 3.7 మీటర్లు, ఎత్తు 0.10 మీటరు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు, దాటవలసిన వేగం గంటకి 25 కిలోమీటర్లు. మొదటి రెండు అంకెలూ ఇస్తే మూడోది పదో తరగతి రేఖాగణితంతో వచ్చేస్తుంది. సగం పొడవుని వర్గం చేసి, ఎత్తు వర్గాన్ని కలిపి, ఎత్తుకి రెట్టింపుతో భాగిస్తే 17 చిల్లర. ఇక 17 మీటర్ల వ్యాసార్ధమున్న వంపు శిఖరం మీద బండికి ఏమవుతుంది? స్ప్రింగుల సంగతి కాసేపు పక్కనపెడితే, వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగించినంత మేర మన బరువు తగ్గినట్టుంటుంది. గంటకి 25 కిలోమీటర్లయితే బరువులో 29 శాతం పోతుంది. అరవై కిలోల మనిషి ఒక్క క్షణం నలభై మూడు కిలోలవుతాడు. పొట్టలో చిన్న తేలికదనం, అంతకంటే ఏమీ ఉండదు. గంటకి 40 అయితే అదే మనిషి పదహారు కిలోలే. సీటు బెల్టు లేకపోతే కాళ్లు తన్నిపెట్టుకుంటాడు. గంటకి 46, 47 దగ్గర లెక్క ప్రకారం బరువు సున్నా, చక్రాలు నేల వదిలేస్తాయి. వేగం 25 నుంచి 40కి, అంటే ఒకటిన్నర రెట్లకి కాస్త పైన పెరిగితే కుదుపు రెండున్నర రెట్లయింది. శిక్ష నేరంతో పాటు పెరగడం కాదు, నేరం కంటే జోరుగా పెరగడం. ఏ క్యాంపస్ జరిమానా పట్టికలోనూ ఇంత పద్ధతైన తరుగు పెరుగులు ఉండవు. అక్కడ అయిదు కిలోమీటర్లు ఎక్కువైనా యాభై ఎక్కువైనా రసీదు ఒకటే.

ఇదే ఐ.ఆర్.సి. పుస్తకం స్పీడ్ బ్రేకర్ ఎక్కడ పెట్టవచ్చో కూడా చెప్పింది. పెద్ద రోడ్డులో కలిసే చిన్న రోడ్ల చివర, ఊళ్ల లోపల వేగం తగ్గించాల్సిన చోట్ల, ఇంకా ఇళ్ల మధ్య వీధుల్లో, స్కూలు, కాలేజీ, యూనివర్సిటీ ప్రాంగణాల్లో, ఆస్పత్రుల దగ్గర. కాంప్టన్ సమస్య ముప్ఫై అయిదేళ్ల తర్వాత ఢిల్లీలో అచ్చయిన నిబంధనల్లో తన చోటు తాను దక్కించుకుంది. దాని అవసరం తెలియాలంటే ఉస్మానియా యూనివర్సిటీలోకి వెళ్లి చూస్తే సరిపోతుంది. తార్నాక నుంచి అడిక్‌మెట్ వైపు పోయే సిటీ ట్రాఫిక్‌కి ఆ క్యాంపస్ లోపలి రోడ్డు ఒక దారి. అక్కడ నడిచే విద్యార్థికీ, ఆఫీసుకి ఆలస్యమైన వాడి కారుకీ రోడ్డు ఒకటే. బోర్డు చదివే ఓపిక ఆ రెండోవాడికి ఉంటుందని ఆశించడం అన్యాయం.

కాగితం మీద ఉన్న వంపు రోడ్డు మీదికి రావడం వేరే పని. ముందు పాత తారు పైపొరని కొత్త గుబ్బ పొడవునా గీరాలి. నున్నటి పాత రోడ్డు మీద కుప్ప పోస్తే కొన్నాళ్లకి బ్రేకు వేసే టైర్ల తోపుడుకి అది జరిగిపోతుంది. గీరిన చోట పలచగా తారు చల్లి, దాని మీద వేడి తారు కంకర పరవాలి. ఇక్కడే మేస్త్రీ చెయ్యి తెలుస్తుంది. పరిచిన కంకర రోలర్ కింద నొక్కుకుపోతుంది. పది సెంటీమీటర్లు కావాలని పది పరిస్తే చివరికి మిగిలేది ఎనిమిదికి అటూఇటూ. ఎనిమిది కదా అని మరుసటి ఏడాది ఇంకో పొర వేస్తే పదమూడవుతుంది. అందుకని బుద్ధున్న కాంట్రాక్టరు 17 మీటర్ల వంపుకి కోసిన ప్లైవుడ్ చెక్క ఒకటి దగ్గర పెట్టుకుంటాడు. దాన్ని బోర్లించి, అడ్డంగా రెండు మూడు చోట్ల ఆనించి, కింద వెలుతురు కనిపిస్తే అక్కడ కంకర వేయిస్తాడు, చెక్క ఎగిరితే గీయిస్తాడు. రోలింగ్ అయ్యాక మళ్లీ ఆనిస్తాడు. మొత్తం పనిలో ఖరీదు తక్కువైనది ఆ చెక్క ముక్కే. మన రోడ్లలో నూటికి ఎన్ని గుబ్బలకి ఆ చెక్క తగిలి ఉంటుందో దాటినవాళ్ల వెన్నుపూసలకి తెలుసు.

రెండు చివర్లా, ఫుట్‌పాత్ అంచు దగ్గర గుబ్బని సన్నంగా దింపి కొంచెం ఖాళీ వదలాలి. వాననీళ్లు పోవడానికి. వదలకపోతే గుబ్బ వెనక చెరువు తయారై, నెల తిరక్కుండా రోడ్డు గుంట పడుతుంది. మరీ వదిలితే ద్విచక్ర వాహనాలన్నీ ఆ సందులోంచే దూరతాయి. వర్షం కోసం వదిలిన జానెడు చోటు బైకు కోసం అని మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక రంగు. నలుపు తెలుపు పట్టీలు వేయాలని, రాత్రిపూట మెరిసేలా చూడాలని, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు పెట్టాలని ఆ 1988 పుస్తకం చెప్పింది. ఆ 40 కూడా ఊరికే వేసిన అంకె కాదు. గంటకి 50తో వస్తున్న కారు అంత దూరంలో 25కి దిగాలంటే బ్రేకుని గట్టిగా తొక్కక్కర్లేదు, కాలు మెత్తగా ఆనిస్తే చాలు. రంగు వెలిసిపోయిన గుబ్బ అన్నిటికంటే ప్రమాదకరం. దాని ఉద్దేశం మనిషిని ముందే భయపెట్టడం. కనిపించకుండా వచ్చి ఎగరేస్తే అది ట్రాఫిక్ రూలు కాదు, మాటు వేయడం.

ఎవరి హోదా అడగదని మొదట మెచ్చుకున్నాను కానీ, దగ్గరికి వెళ్లి చూస్తే ఈ చట్టం అందరికీ సమానమేమీ కాదు. ఆర్టీసీ బస్సు ఆఖరి సీటులో కూర్చుని చూడండి. బస్సు ముందు, వెనక చక్రాల మధ్య దూరం సుమారు అయిదున్నర మీటర్లు, గుబ్బ పొడవు కంటే ఎక్కువ. కాబట్టి కారులా మొత్తంగా ఎక్కదు, ముందు భాగం దిగాక వెనక భాగం ఎక్కుతుంది. ఆఖరి సీటు వెనక ఇరుసుకి ఇంకో రెండు మీటర్లు వెనక ఉంటుంది. ఇరుసు పది సెంటీమీటర్లు లేస్తే, ఆ సీటు పదమూడున్నర లేస్తుంది. పల్లె వెలుగు బస్సులో వెనక కూర్చుని తల పైకప్పుకి తగిలించుకున్నవాళ్లు డ్రైవర్ని తిట్టడం సగమే న్యాయం. ఐ.ఆర్.సి. వాళ్లకి ఇది తెలుసు. బస్సులు, లారీలు తిరిగే చోట గుబ్బకి రెండు వైపులా ఒకటిన్నర మీటర్ల పొడవున, ఇరవైకి ఒకటి వాలుతో అంచులు నింపమన్నారు. అంచులు నింపిన గుబ్బ నాకైతే ఎక్కడా పెద్దగా కనిపించలేదు.

సైకిలుకి వచ్చే ఇబ్బంది వేరు. వృత్తఖండం అందంగా ఉంటుంది కానీ, అది రోడ్డుని కలిసే చోట ఒక మడత ఉంటుంది. లెక్క వేస్తే ఆ అంచు దగ్గర వాలు తొమ్మిదికి ఒకటి. చదునుగా వస్తున్న చక్రం ఒక్కసారిగా ఆ వాలుని ఢీకొంటుంది. కారు టైరు దాన్ని పట్టించుకోదు. గాలి బిగించిన సన్నటి సైకిలు టైరు పట్టించుకుంటుంది, దాని మీద బ్యాగు తగిలించుకుని క్లాసుకి పోతున్న పిల్లకి మణికట్టు అదురుతుంది. డచ్చివాళ్లూ బ్రిటిష్‌వాళ్లూ దీనికి సైను వక్రంతో గుబ్బలు కట్టారు. ఎత్తూ పొడవూ అవే ఉంచవచ్చు. రోడ్డుని తాకే చోట వాలు సున్నా నుంచి మొదలై, మెల్లగా పెరిగి, నడుమ మళ్లీ సున్నా అవుతుంది. 3.7 మీటర్ల మీద పది సెంటీమీటర్లకి గరిష్ఠ వాలు సుమారు పన్నెండుకి ఒకటి. చక్రానికి ఎక్కడా మడత తగలదు. మన క్యాంపస్‌లలో ఇప్పటికీ సైకిళ్లు మిగిలిన చోట కట్టాల్సింది ఇదే. చెక్క ముక్కని ఇంకో రకంగా కోయడం తప్ప ఖర్చు పెరగదు.

అంబులెన్సు కోసం ఇంకో ఉపాయం ఉంది. గుబ్బని రోడ్డు వెడల్పంతా కాకుండా దిండ్లలా ముక్కలు చేసి, వాటి వెడల్పు కారు చక్రాల మధ్య దూరం కంటే ఎక్కువగా, అంబులెన్సు, బస్సు చక్రాల మధ్య దూరం కంటే తక్కువగా పెడతారు. పెద్ద బండి దిండుని కాళ్ల మధ్య పెట్టుకుని సాఫీగా పోతుంది, కారు ఎక్కి దిగాల్సిందే. యూరప్‌లో బాగా పనిచేసే ఈ ఏర్పాటు మన దగ్గర పనికిరాదు. దిండ్ల మధ్య సందులు మన బైకులకి తెరిచిన తలుపులు. క్యాంపస్‌లో దూకుడుగా పోయేవి ఎక్కువ శాతం అవే కదా.

ఇంతటితో మిగిలింది పైభాగం చదునుగా ఉన్న గుబ్బ. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం సెమినోల్ కౌంటీ పేరుతో పిలిచే రకం ఒకటుంది. మొత్తం 22 అడుగులు, అటూ ఇటూ ఆరేసి అడుగుల వాలు, నడుమ పది అడుగుల చదును. బస్సుకి మెత్తగా ఉంటుంది. చదును మీద జీబ్రా గీతలు గీస్తే మనుషులు రోడ్డు దాటే చోటు కూడా అదే అవుతుంది. లైబ్రరీకీ క్యాంటీనుకీ మధ్య రోడ్డు దాటే విద్యార్థి ఫుట్‌పాత్ దిగకుండా అదే ఎత్తులో నడిచి అవతలికి పోతాడు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకి దిగడం, ఎక్కడం ఉండదు. ఎక్కాల్సింది కారు. చాతమ్ ఊరివాళ్లు 1906లో అనుకున్నదీ ఇలాంటిదే, వాలు లెక్క మాత్రం వాళ్ల దగ్గర లేదు.

మన క్యాంపస్‌లో దీన్ని కట్టాలంటే ఒక చిక్కుంది. పాదచారుల కోసం ఐ.ఆర్.సి. ఇచ్చిన వేరే పుస్తకం ఫుట్‌పాత్ ఎత్తు 15 సెంటీమీటర్లు దాటొద్దంటుంది. రోడ్డు మీద రోడ్డు వేసినప్పుడల్లా ఫుట్‌పాత్‌ని కూడా పెంచుకుంటూ పోయిన చోట అది అడుగు దాటి ఉంటుంది. అడుగెత్తు ఫుట్‌పాత్‌కి పది సెంటీమీటర్ల చదును అందదు, అందేలా కడితే అది గుబ్బ కాదు, గోడ. కాబట్టి ముందు ఫుట్‌పాత్‌ని తగ్గించాలి. ఆ ఫైలు ట్రాఫిక్ కమిటీది కాదు, ఇంజినీరింగ్ సెల్‌ది.